మధ్యాహ్నం రెండు గంటల గాలి

శానిటరీ ఇన్‌స్పెక్టరు పనికి ముక్కు ముఖ్యమని మాకెవరూ చెప్పలేదు. టేపు ఇచ్చారు, ఫారాలు ఇచ్చారు, ఒక సైకిలు ఇచ్చారు. ముక్కు మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. నేనూ తెచ్చుకున్నాను గానీ, చాలా ఏళ్ళు దాన్ని నశ్యం పీల్చడానికే వాడాను.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మీ కాలంలో ఎలా ఉండేది సార్?" అని అడుగుతారు. వాళ్ళకు కావలసింది ప్లేగు రోజుల్లో మేం చేసిన సాహసాలు. నేను చెప్పాలనుకునేది బడి గదుల గురించి. ప్లేగు వస్తే ఊరంతా మేలుకుంటుంది. బడిలో గాలి చెడితే ఎవరూ మేలుకోరు, పిల్లలు నిద్రపోతారు, అంతే. ఆ నిద్ర సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో నేను చేసినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. రాయడం సుఖంగా ఏమీ లేదు, కానీ కొన్నిచోట్ల నాకే నవ్వొస్తోంది.

కిటికీలు: సున్నా

బడుల తనిఖీకి మాకొక ఫారం ఉండేది. గది పొడవు, వెడల్పు, కిటికీల సంఖ్య, వాటి వైశాల్యం. నేల వైశాల్యంలో ఇన్నో వంతు కిటికీలుంటే గాలి 'తృప్తికరం'. లేకుంటే 'అతృప్తికరం'. ఆ కిటికీలు తెరుచుకుంటాయా, తెరిస్తే అటువైపు ఏముంది అన్న గళ్ళు ఫారంలో లేవు. ఫారంలో లేనిది లోకంలోనూ లేదని నేను నమ్మేవాణ్ణి.

ఒకసారి పక్క ఇన్‌స్పెక్టరు సెలవులో ఉంటే నన్ను బొమ్మనహళ్ళి పంపారు. హోసూరు రోడ్డు మీద అప్పుడది రాగి చేల మధ్య చిన్న పల్లె. బడి అంటే ఆరు స్తంభాల మీద ఒక గడ్డి కప్పు. గోడలు లేవు. పిల్లలు ఈతచాపల మీద కూర్చుని ఎక్కాలు చదువుతున్నారు. నేను టేపు తీసి నేల కొలిచాను. తర్వాత కిటికీల గడి దగ్గర ఆగిపోయాను.

"కిటికీలు ఎన్ని?" అని అక్కడి ముసలి పంతులును అడిగాను.

"గోడే లేదు సామీ. కిటికీ యాడ పెట్టేది?"

"నేనడిగింది కిటికీల సంగతి. గోడల సంగతి కాదు."

ఆయన నా వంక జాలిగా చూసి, "సున్నా అని రాసుకో నాయనా," అన్నాడు.

సున్నా అని రాశాను. గాలి: అతృప్తికరం. సంతకం పెడుతుండగానే చేల మీంచి ఒక్క విసురు వచ్చి ఫారాన్ని ఎత్తుకుపోయింది. బడి బడంతా కేకలు వేసుకుంటూ దాని వెంట రాగి చేలో పడింది. పట్టుకొచ్చి ఇచ్చిన పిల్లకు థాంక్స్ చెప్పాను. కాగితం దులిపి, అలాగే ఆఫీసుకు పంపాను. ఆ కప్పు కింద ఉన్నంత మంచి గాలి నా ఉద్యోగం మొత్తంలో మరే బడిలోనూ చూడలేదు. అది తెలిసేసరికి నాకు నలభై దాటాయి.

నగర్తపేట మిద్దె బడి

నగర్తపేటలో ఒక ఇరుకు సందు. కింద ఒక ఆచారి వెండి కరిగించే పనిశాల. దాని మీద చెక్కపలకల నేల వేసిన పొడుగాటి గది. ఆ గదే బడి. నలభై మంది పిల్లలు, అందరూ చుట్టుపక్కల నేతగాళ్ళ, దుకాణాల వాళ్ళ బిడ్డలు. పంతులమ్మ కమలమ్మ ఒక్కతే. ఆయా మునెమ్మ ఊడ్చేది, నీళ్ళు పట్టేది, పిల్లల తగవులు తీర్చేది. వీధి వైపు రెండు కిటికీలు, వెనక గోడకు కప్పు కింద నాలుగు గవాక్షాలు. లెక్క ప్రకారం తృప్తికరం. ఏటా అదే రాసేవాణ్ణి.

నేను ఏ బడికైనా ఉదయం పదికే వెళ్ళేవాణ్ణి. దానికి శాస్త్రీయమైన కారణం ఏదీ లేదు. పక్క సందులో ఒక కాఫీ హోటల్లో తొమ్మిదిన్నరకు ఇడ్లీలు దిగేవి. పన్నెండింటికి ఇంటికి పోయి భోంచేసి మూడింటి దాకా పడుకునేవాణ్ణి. నా తనిఖీలన్నీ ఆ ఇడ్లీకీ ఈ పడకకూ మధ్య జరిగినవే. కొత్తవాళ్ళు ఈ మాట విని నవ్వుతారు. నవ్వండి. తర్వాత మీ డైరీ తీసి, మీరు ఏ బడికి ఏ గంటకు వెళ్ళారో చూసుకోండి.

యుద్ధం వచ్చింది. శత్రువు విమానాలకు వెలుతురు కనబడకూడదని ఊరంతా కిటికీలకు నల్ల కాగితాలు అంటించమన్నారు. వీధి వీధీ చూసి రమ్మని ఆ పని మాకూ అప్పజెప్పారు. చేతికొక పట్టీ, మెడలో ఒక ఈల. ఈల ఊదడానికి నాకు ఎన్నడూ అవసరం రాలేదు. అయినా ఊదేవాణ్ణి.

మిద్దె బడి వెనక సందులో నిలబడి తలెత్తి చూస్తే నాలుగు గవాక్షాలు కనిపించాయి. వాటిని మూయించమన్నాను. కాగితం వానకు చిరుగుతుంది కాబట్టి కిరోసిన్ డబ్బా రేకులు కొట్టించమన్నాను.

"సార్, ఒక మాట…" అంది కమలమ్మ.

"యుద్ధం జరుగుతోందమ్మా," అన్నాను.

ఆ రోజుల్లో ఆ ఒక్క వాక్యంతో ఎవరి నోరైనా మూయించవచ్చు. రేకులు కొట్టారు. వాటి కింద గోడకు ఒక చీటీ అంటించాను: అనుమతి లేకుండా తీయరాదు. కింద నా సంతకం, తోకతో సహా. కొన్నాళ్ళకు కట్టుబాటు సడలింది. ఇళ్ళవాళ్ళు కాగితాలు చింపేసుకున్నారు. బడిలో మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. సంతకం ఉంది కదా. సంతకం పెట్టినవాడు మరిచిపోయాడు.

ముద్ద సిద్ధాంతం

ఆ తర్వాతి ఏడు కమలమ్మ నన్ను ఆపి చెప్పింది. మధ్యాహ్నం పిల్లలు కునుకుతున్నారు. తలనొప్పి అంటున్నారు, ఒకరిద్దరు వాంతి చేసుకున్నారు, దగ్గు సరేసరి. అందరికన్నా ఎక్కువ పద్మకు. పదేళ్ళ పిల్ల, లెక్కల్లో మొదటిది, నేతపని చేసే వెంకటప్ప కూతురు. మెట్ల దగ్గరి మూలలో కూర్చునేది. పిల్లలు దానికి నిద్రగన్నేరు అని పేరు పెట్టారు.

"నేనూ శిక్షలు వేసి చూసినాను సార్," అంది కమలమ్మ. "పొద్దున చురుగ్గా ఉంటాది. మధ్యాహ్నం అయ్యేసరికి వేరే పిల్ల అయిపోతాది."

నేను దర్యాప్తు చేశాను. ఉదయం పది గంటలకు చేశాను. పిల్లలు పిచ్చుకల్లా ఉన్నారు. నాలుకలు చూశాను, కనురెప్పలు ఎత్తి చూశాను. జబ్బేమీ లేదు. పొద్దున లేని నిద్ర మధ్యాహ్నం వస్తోందంటే, మధ్యలో జరిగిందేమిటి? భోజనం. భోజనం అంటే ఆ పేటలో రాగి ముద్ద. భోంచేశాక నాకూ నిద్ర వస్తుంది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

తల్లిదండ్రులను పిలిపించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. జీర్ణకోశం బరువెక్కితే రక్తం మెదడు నుంచి కడుపులోకి దిగుతుందన్నాను. గోడకు బొమ్మ కూడా గీశాను. వెనక నుంచి ఒక ముసలామె లేచింది.

"ముద్ద తింటే నిద్ర వస్తాదా అప్పా? మా ఆయప్ప నలభై ఏండ్లు ముద్ద తిని మూటలు మోసినాడు. యా పొద్దూ మూట కింద నిద్రపోలేదే."

అందరూ నవ్వారు. "మూటలు మోయడం వేరు, లెక్కలు చేయడం వేరు అవ్వా," అన్నాను.

"అవునప్పా. మూట మోసేది చూస్తేనే తెలుస్తాది. నీది ఏం పనో చూసినా తెలీలే."

ఆ నవ్వులో నా పరువు కొంత పోయింది. దాన్ని తిరిగి సంపాదించుకోవడానికి గొంతు పెంచి, మధ్యాహ్నం పిల్లలకు సగం ముద్దే పెట్టమని గట్టిగా చెప్పాను. కొందరు పిల్లలు పుట్టుకతోనే నిద్రమొహాలనీ, వాళ్ళ విషయంలో మరీ జాగ్రత్త కావాలనీ అన్నాను. అలా అంటూ వెంకటప్ప వైపు చూశాను. ఇది గుర్తున్నంత స్పష్టంగా నా పెళ్ళి కూడా గుర్తులేదు.

ఆరు పేజీల నివేదిక రాసి మా హెల్త్ ఆఫీసరుకు పంపాను. ఆయన మితభాషి. నివేదిక అంచున ఒక ప్రశ్న రాసి తిప్పి పంపారు: "మిగతా బడుల పిల్లలు మధ్యాహ్నం ఏం తింటున్నారు?" నా సిద్ధాంతం ఆయనకు నచ్చింది, ఇంకా సమాచారం కావాలంటున్నారు అనుకున్నాను. పదకొండు బడులు తిరిగి జాబితా పంపాను. అందరూ రాగి ముద్దే, కునికేవాళ్ళు మాత్రం అక్కడ ఎవరూ లేరు. ఈసారి అంచున ఒక్క మాట వచ్చింది: "అయితే?"

ఆ 'అయితే' కాగితాన్ని జేబులో పెట్టుకుని రెండు వారాలు తిరిగాను. మంచి పై అధికారి అంటే జవాబు చెప్పేవాడు కాదనీ, సిగ్గుపడే అవకాశం ఇచ్చేవాడనీ ఇప్పుడు తెలుసు. అప్పుడు ఆయన దస్తూరి చాలా పొదుపు అని మాత్రమే అనుకున్నాను.

మునెమ్మ పాఠం

ఒక రోజు పదింటికి వెళితే మునెమ్మ మెట్లు కడుగుతోంది. నన్ను చూసి చీపురు పక్కన పెట్టలేదు.

"నిన్న పద్మ పడిపోయింది సామీ. తెలివి తప్పి పడింది. వాళ్ళ నాయన వచ్చి ఎత్తుకపోయినాడు. ఇంక బడికి పంపడంట."

"ఏం తిన్నది?" అన్నాను.

"ఎంతసేపూ తిండే అడుగుతావు. ఇంకేమీ తెల్దా నీకు?" చీపురు కొనతో మెట్టు మీద తట్టింది. "శనివారం ఒంటిపూట బడి. ఆ పొద్దు కూడా ఈ పిల్లోళ్ళు ఇంటికి పోయి ముద్దే తింటారు. తిని మధ్యాహ్నమంతా వీధిలో కోతుల మాదిరి ఎగురుతారు. సోమవారం ముద్దకి నిద్ర, శనివారం ముద్దకి ఎగురుడా?"

మునెమ్మ చీపురు మళ్ళీ నీళ్ళలో ముంచింది.

"మధ్యాహ్నం ఇక్కడ కూర్చుంటే నాకూ తల బద్దలవుతాది. నేను సందులోకి పోయి నిలబడతాను, తగ్గిపోతాది. పిల్లోళ్ళు యాడికి పోతారు? నువ్వు యా పొద్దన్నా మధ్యాహ్నం వచ్చినావా? పదికి వస్తావు, కాఫీ వాసనతో వస్తావు, పోతావు."

ఆ రోజు ఇంటికి వెళ్ళి పడుకోలేదు. రెండు గంటలకు ఆ మెట్లెక్కాను.

కింద ఆచారి కొలిమి అప్పుడే రాజుకుంటోంది. పొద్దున వాళ్ళు ఆకురాయి పని, మెరుగు పని చేస్తారు. వర్తకులు పాత వెండి తెచ్చి ఇచ్చేది మధ్యాహ్నానికి. కరిగించడం అప్పుడే. పైన పడమటి ఎండ కళ్ళలో పడుతుందనీ, ఎదురు అంగడిలో రాగి బిందెలు కొట్టే మోత భరించలేకా కమలమ్మ వీధి కిటికీలు మూసింది. మూయడం తప్పు కాదు. ఆ మోతలో పాఠం చెప్పడం ఎవరివల్లా కాదు.

పిల్లల మధ్య చాప మీద కూర్చున్నాను. మొదట చెక్కపలకల సందుల్లోంచి వెచ్చదనం వచ్చింది. కొంత పొగ. తర్వాత పొగ కూడా తెలియలేదు. అరగంటకు కణతలు కొట్టుకున్నాయి. ముందు వరుసలో ఒక తల వాలింది, తర్వాత దాని పక్క తల. కమలమ్మ తన కణతలు నొక్కుకుంటూ పాఠం చెబుతోంది. నా తల కూడా ముందుకు వాలబోయింది. ముద్ద సంగతి దేవుడెరుగు, ఆ రోజు నేను భోజనమే చేయలేదు.

అప్పుడు తలెత్తి వెనక గోడ చూశాను. నాలుగు రేకులు. కింద చీటీ. తోకతో సహా నా సంతకం.

బయటికి వచ్చేసరికి మునెమ్మ సందులో నిలబడి ఉంది. "చూసినావా?" అంది.

"వెలుతురు బయటికి పోకూడదని…" అని మొదలుపెట్టాను.

"బడిలో బుడ్డి దీపం కూడా లేదు కద సామీ. సాయంకాలానికి బీగం వేసి పోతాము. యా వెలుతురు పోతాదని మూసినావు?"

రేకులు కొట్టించిన రోజు కమలమ్మ "ఒక మాట" అన్నది ఈ మాటే చెప్పడానికి.

పొగ కంటికి కనబడుతుంది, దగ్గు తెప్పిస్తుంది, కాబట్టి జనం దాని నుంచి తప్పుకుంటారు. బొగ్గు నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. అది నిద్రలాగే వస్తుంది. దాన్ని సోమరితనమని మనం పిల్లల్ని తిడతాం.

ఎవరు మూశారో చెప్పని వాక్యం

ఆచారి దగ్గర పట్టకారు తీసుకుని రేకులు నేనే ఊడబీకాను. చీటీ గీకేశాను. ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత నివేదిక రాశాను: "గవాక్షములు మూయబడి యున్నట్లు తనిఖీలో కనుగొని, తక్షణమే తెరిపించడమైనది." ఎవరు మూశారో ఆ వాక్యంలో లేదు. మన ఆఫీసు భాషలో ఉన్న గొప్ప సదుపాయం ఇది. పనులు వాటంతట అవే జరిగిపోతాయి. హెల్త్ ఆఫీసరు "సంతోషం" అని రాశారు. ఆ సంతోషాన్ని నేను సిగ్గులేకుండా తీసుకున్నాను. మీలో ఎవరికైనా ఇలాంటి వాక్యం రాయబుద్ధి అయితే, కలం మూసి ఒక చుట్టు నడిచి రండి. రాశాక వెనక్కి తీసుకోవడం నడకతో అయ్యే పని కాదు.

పిల్లల నిద్ర తగ్గిందని కమలమ్మ చెప్పింది. కానీ పద్మ రాలేదు.

"మూడుసార్లు పోయినాను సార్ వాళ్ళింటికి. పిల్లది నిద్రమొగమని ఇన్‌స్పెక్టరే చెప్పినాడు కదా అంటాడు వాళ్ళ నాయన. అక్కడ నా మాట చెల్లదు. మీరు రావాల."

"వస్తాను," అన్నాను. ఆ వారం టీకాల పని అన్నాను. మరుసటి వారం పండగ అన్నాను. ఆ తర్వాత సైకిలు చెడిందన్నాను. వెంకటప్ప ఇల్లు బడికి నాలుగు సందుల దూరం.

ఒక రోజు కమలమ్మ కోపం లేకుండా మాట్లాడింది. దానికే నాకు భయం వేసింది. "సార్, ఆ పిల్ల ఇంట్లో నూలు కండెలు చుడతా ఉండాది. ఇంకో నెల అయితే చెయ్యి అలవాటు పడిపోతాది. ఇంట్లో పనికి అక్కరకొచ్చిన చేతిని మళ్ళీ పలకకి ఎవురూ ఇయ్యరు. మీరు అప్పుడు పోయి ఏం చెప్పినా సుమ్మనే, దండగే."

ఆ సాయంత్రమే వెళ్ళాను.

వెంకటప్ప మగ్గం దగ్గర

ముందు గదిలో మగ్గం గుంట. వెంకటప్ప గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. గోడ పక్కన పద్మ రాట్నం తిప్పుతూ కండె చుడుతోంది. పిల్ల చిక్కిపోయి ఉంది. నన్ను చూసి వెంకటప్ప మగ్గం ఆపలేదు.

"రాండి సామీ. ఇప్పుడు ముద్ద ఎంత చెయ్యాలంటారు? పావా?"

"అదికాదు వెంకటప్పా…"

"మీరు చెప్పినట్ల సగమే పెట్టినాము. ఆకలని ఏడ్చేది. ఇన్‌స్పెక్టరు చెప్పినాడు, చదువుకునే పిల్లవి, ఓర్చుకో అంటిమి. సగం ముద్దకీ నిద్రపోయింది. పడి తల పగలగొట్టుకుంది. ఇంక మిగిలింది పావే కద."

నేను గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను. కొలిమి సంగతి, గాలి సంగతి, రేకుల సంగతి. మగ్గం చప్పుడు ఆగింది.

"ఆ రేకులు కొట్టించింది ఎవురు?"

"నేనే."

"బడిలో దీపం లేదని తెల్దా?"

"చూడలేదు."

"మరి ముద్ద తగ్గించమన్నది?"

"అదీ నేనే."

వెంకటప్ప పోగు నడిపే నాడెను పక్కన పెట్టాడు. "నాకెందుకు చెప్తావు?" అన్నాడు. ఈసారి 'మీరు' లేదు. "నీ మాట విని నేను దాన్ని కొట్టినాను. దానితో చెప్పు పో."

నలభై ఏళ్ళు దాటినవాణ్ణి. కోటూ తలపాగా ఉన్నాయి. రాట్నం ముందు గొంతుక్కూర్చుని పదేళ్ళ పిల్లకు చెప్పాను. అది దారం తెగకుండా చూసుకుంటూనే విన్నది.

"అయితే నేను నిద్రమొగము కాదా?"

"కాదు తల్లీ."

"బడిలో అందరూ నిద్రగన్నేరంటారు. మీరు ఇంట్లో చెప్తే వాళ్ళకెట్ల తెలుస్తాది?"

"బడిలో కూడా చెబుతాను."

వెంకటప్ప మళ్ళీ మగ్గం అందుకున్నాడు. "చెప్పనీ. విన్నాక చూస్తాము," అన్నాడు.

బెంచీ

మరుసటి రోజు మధ్యాహ్నం రెండింటికి, కొలిమి రాజుకున్న వేళ, బడికి వెళ్ళాను. వెంకటప్ప కూతుర్ని తీసుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కమలమ్మ పిల్లల్ని సద్దుమణిగించింది.

ఈసారి నేను ఉపన్యాసం మానేసి చెప్పాను. "పిల్లలూ, పద్మ నిద్రమొహం కాదు. మీరెవరూ కాదు. ఈ గదిలో గాలి చెడింది. గవాక్షాలు మూయించింది నేను. నాకు తెలియక ముద్ద మీద నెపం పెట్టాను. తెలిశాక కూడా ఇన్నాళ్ళు చెప్పలేదు. తప్పు నాది." అంతే. లెక్క పెడితే ఒక నిమిషం కూడా కాదు. దానికోసం ఏడు వారాలు తప్పించుకు తిరిగాను.

వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో పద్మ ఒక్కతే ఉంది. వెంకటప్ప మెట్లు దిగిపోతున్న చప్పుడు వినిపించింది. పద్మ వచ్చి తన మూలలో కూర్చుంది. కమలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

ముందు వరుసలో పళ్ళూడిన ఒక చిన్నపిల్ల చెయ్యెత్తింది.

"తప్పు చేసినోళ్ళు బెంచీ ఎక్కాల సార్."

"ఏయ్, కూర్చో," అంది కమలమ్మ.

"మిస్సే కద చెప్పింది. పద్మక్క ఎన్నిసార్లు ఎక్కింది. ఆ పొద్దు దాని మీంచే పడింది."

కమలమ్మ తల దించుకుంది. నాకు ఆ సంగతి తెలియదు. ఎలా పడిందని నేను అడగలేదు, ఏం తిన్నదని అడిగాను. నిద్రపోతోందని దాన్ని నిలబెట్టారన్నమాట, అదీ బెంచీ మీద.

ఆ గదిలో బెంచీ ఒకటే. అతిథులకూ అదే, శిక్షలకూ అదే. దాన్ని వెనక గోడ దగ్గర నుంచి లాగి, చెప్పులు విప్పి, ఎక్కాను. మిద్దె గది కప్పు తక్కువ ఎత్తు. తలపాగా దూలానికి తగిలి వంకర పోయింది. నలభై మంది పిల్లలు ఒక్కసారిగా నవ్వారు. పద్మ కూడా నవ్వింది. వాళ్ళతో పాటు నేనూ నవ్వబోయి ఆగాను.

పైన గాలి వేరుగా ఉంది. కింద చాప మీద కూర్చుంటే గవాక్షాల నుంచి చల్లగా తగిలేది. రేకులు తీశాక ఆ చల్లదనం చూసే నేను ఇక సరిపోయిందనుకున్నాను. వీధి కిటికీలు మూసే ఉన్నందున ఇక్కడ కప్పు కింద వేడి పేరుకుని కదలకుండా ఉంది. ఒక్క నిమిషానికి కళ్ళు మండాయి, గొంతు పట్టింది, కణతల్లో అదే పోటు మొదలైంది. రేకులు తీసేశాక ఇంత ఉంటే, రేకులు ఉన్నప్పుడు, సగం ముద్ద తిన్న పిల్ల, ఇక్కడ ఎంతసేపు నిలబడిందో.

నవ్వులు తగ్గాయి. పద్మ మూలలోంచి నన్నే చూస్తోంది.

"పైన ఎట్లుండాది సార్?" అంది.

బాగానే ఉందని నోటి దాకా వచ్చింది. అలవాటు.

"కండ్లు మండుతుండాయి తల్లీ," అన్నాను.

"నాకూ అట్లనే ఉండె." నేల పలకల సందుల వైపు చూసింది. "అయితే ఇంకా అయిపోలేదు కద సార్."

బెంచీ దిగాను. చెప్పులు చేత పట్టుకునే మెట్లు కూడా దిగి, ఆచారి కొలిమి దగ్గరికి వెళ్ళాను.